వాగు రేవులో పోసిన రాళ్లు

నీళ్లలోంచి నేలను పైకి తీసి, మనిషి పాదం మోపడానికి చోటిచ్చిన తండ్రికి స్తోత్రం. దెబ్బలు తిన్న ఒంట్లో ఊపిరి ఆగిపోకుండా కాచినందుకు స్తోత్రం. ఆయన కృప లేకపోతే ఈ నాలుగు మాటలు రాయడానికి నేను మిగిలేవాణ్ని కాదు.

భోపాల్‌పట్నం నుంచి లోపలి ఊళ్లకు నేను జీపు నడుపుతాను. తారురోడ్డు దిగాక ఉన్నది అడవిలో బండిబాట ఒక్కటే. ప్రతి వానాకాలం వాగు దాన్ని కోసుకుపోతుంది. వానలు తగ్గగానే జీపుల వాళ్లం, ట్రాక్టర్ల వాళ్లం కలిసి పారలు, గడ్డపారలతో వెళ్లి, పడిన చెట్లు నరికి, రేవులో రాళ్లు పోసి బాట తెరుస్తాం. మాకు ఎవరూ చెప్పరు, ఎవరూ కూలి ఇవ్వరు. బాట మూసుకుపోతే లోపలివాళ్ల ఇప్పపువ్వు, చింతపండు అంగడికి చేరవు. మా ఇళ్లలో పొయ్యి వెలగదు.

నా భార్య తమ్ముడు ఒక ఏడు గోదావరి అవతలి నుంచి వచ్చి, మాతోపాటు జీపు నడపడం మొదలుపెట్టాడు. రెక్కల బలమున్నవాడు, నోరు కూడా పెద్దదే. ఆ ఏడు రేవు బాగా లోతైంది. మేము బురద ఎత్తుతుంటే వాడు ట్రాక్టరు తీసుకుని వెళ్లి, ట్రాలీ నిండా రాళ్లు తెచ్చి రేవులో గుమ్మరించాడు. వాటి మీద బండిని అటూ ఇటూ తిప్పి అణగదొక్కాడు కూడా.

"గింత జల్ది యాడ దొరికినయ్ తమ్మీ?" అని మేమంతా అన్నా అని పిలిచే ట్రాక్టరు డ్రైవరు అడిగాడు.

"మలుపు కాడ మీరే కుప్ప పోసి పెట్టుకున్నరు గదనే. ముసలోళ్లయి మర్చిపోయిన్రా?" అని వాడు నవ్వాడు.

మాలో ఎవరికీ నవ్వు రాలేదు. బాట పనికని మేము అక్కడక్కడ రాళ్లు పోగు చేసి పెట్టుకునే మాట నిజమే. కానీ మలుపు దగ్గరి కుప్ప మాది కాదు. అక్కడ వాగు పక్క ఊరి పటేలు కూతుర్ని ఎలుగుబంటి చంపింది. అలా మనిషి పోయిన చోట, దారిన వెళ్లే ప్రతివారూ ఒక రాయి వేసి వెళ్తారు. ఇక్కడ పుట్టినవాళ్లకు ఆ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. వాడికి మేమూ చెప్పలేదు.

రాళ్లు పైకి తీద్దామని పార వేసేలోపే ఊరి జనం దిగారు. అందరికంటే ముందు పటేలు.

"ఎవడ్రా నా బిడ్డ మీద బండెక్కిచ్చింది?"

"ఏంది పెద్దాయనా, రాళ్లకు గింత లొల్లా? ఇంకో ట్రాలీ తెచ్చి పోస్త తియ్" అన్నాడు నా బామ్మర్ది.

గొడ్డలి పిడి వాడి మోచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు వాగు హోరులో కూడా నాకు వినిపించింది. వాడు పడ్డాక కర్రలు లేచాయి. నేను వాడి మీద బోర్లా పడుకున్నాను. వీపు మీద, చెవి మీద దెబ్బలు పడ్డాయి. నోట్లో పళ్లు కదిలి రక్తం నిండింది. నా జీపు అద్దాలు పగిలాయి, టైర్లను గొడ్డళ్లతో చీల్చారు. నేను యేసయ్యా అని అరుస్తుండగానే, ట్రాక్టరు అన్న మమ్మల్ని కాపాడబోయి పార తిప్పాడు. అది పటేలు ముఖానికి తగిలింది. ఆయన కన్ను పట్టుకుని నీళ్లలో కూలబడ్డాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం కారి వాగులో కలిసింది. అందరి చేతులూ ఆగిపోయాయి.

"ఇగ ఈ బాటల మీ చక్రం తిరగది" అన్నాడాయన.

ఆ మాటతో బాట మూసుకుపోయింది. మావాళ్లు కొందరు మందిని పోగు చేసుకుని, గడ్డపారలతో వెళ్లి తెరిపిద్దామన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక మా చర్చి కాపరిని ఆ కుప్ప తిరిగి పేర్చవచ్చా అని అడిగితే, చచ్చినవాళ్ల రాళ్ల జోలికి విశ్వాసి పోకూడదన్నారు. ఆయన మాట నేను తోసేయను. కానీ ఒక తండ్రి తన బిడ్డ కోసం ఏడ్చే చోటు విగ్రహం కాదని నాకు తోచింది. నేనూ ట్రాక్టరు అన్నా ఉత్త చేతులతో ఆ ఊరికి వెళ్లాం.

పటేలు కంటికి గుడ్డ కట్టుకుని కూర్చున్నాడు. అన్న ఆయన కాళ్ల మీద పడ్డాడు. ఆయన కాళ్లు వెనక్కి తీసుకోలేదు.

"ఒక్క రాయి ఇడవకుండ తవ్వాలె. కడగాలె. నెత్తి మీద మొయ్యాలె, బండిల ఎయ్యద్దు. కుప్ప మీద సార పోసి మొక్కాలె" అన్నాడు.

"నేను మోస్త పటేలా. సార మాత్రం పొయ్యను. నా దేవుడు ఒప్పడు."

ఆయన కంటి గుడ్డ సర్దుకుని నా వైపు తిరిగాడు. "పొయ్యకు. మొయ్యి. గని ఆ బండెక్కిచ్చినోడు మల్ల ఈ బాటల రావద్దు."

"దారి అందరిది గద పటేలా."

"అందరిదే. వానిది కాదు."

నేను ఒప్పుకున్నాను. డ్రైవర్లమంతా బురదలో మోకాళ్లు వేసి తవ్వాం. గట్టు మీది కుర్రాళ్లు ఇంకా చల్లారలేదు. ఒకడు పైనుంచి రాయి విసిరితే అన్న నుదురు చిట్లింది. మరొకడు నా డొక్కలో తన్నాడు. మాలో ఎవరూ చెయ్యెత్తలేదు. కుప్ప మళ్లీ లేచాక పటేలు వచ్చి తడిమి చూసుకుని వెళ్లిపోయాడు. వేరే రాళ్లు తెచ్చి రేవు పూడ్చాం. ఆ వారం అంగడికి బండ్లు కదిలాయి.

నా బామ్మర్ది చేతికి కట్టు విప్పిన నాడు మా ఇంటికొచ్చి, నా కాలరు పట్టుకున్నాడు.

"నా బాట అమ్ముకున్నవ్ గద బావా!" అని బాగున్న చేత్తో ముఖం మీద గుద్దాడు. వాళ్లక్క అడ్డం వస్తే ఆమెనూ నెట్టేశాడు. ఆమె తల గడపకు తగిలింది. అప్పుడు పోయినవాడు మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. వాడి చెయ్యి వంకరగానే అతుక్కుంది. గేరు వేయడం కష్టమని విన్నాను. పటేలుకు ఆ కంటికి చూపు రాలేదు.

నేను ఒప్పుకున్నందువల్లే బాట తెరుచుకుంది. ఒప్పుకోకపోతే ఇంకెంత రక్తం పారేదో. అయినా మోకరించిన ప్రతిసారీ వాడి గుద్దు ముఖం మీద మండుతుంది. ఇది చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతో తల వంచండి. బిడ్డను పోగొట్టుకున్న ఆ పటేలు కంటి కోసం, ఈ తమ్ముడి చేతి కోసం, వాడి మనసులోని కోపం కోసం నాతో కలిసి అడగండి. నా ఒక్కడి ప్రార్థన చాలడం లేదు.