మ్యాపులో మూడు మీటర్లు

సారంగు మామ పోయాడని పోయిన మంగళవారం అవతలి ఒడ్డున ఉన్న బాంబూఫ్లాట్ నుంచి వాళ్ల అమ్మాయి ఫోన్ చేసింది. అబర్డీన్ బజార్లో గొడుగు బేరమాడుతున్నవాణ్ని, అక్కడే వదిలేసి ఫెర్రీ జెట్టీకి నడిచాను.

ఆయన నాకు చుట్టం కాదు. సముద్రం లోతులు కొలిచే మా సర్వే బోటును నడిపేవాడు. మెషిన్ ఎంత లోతు చూపించినా, తాడుకు కట్టిన సీసం గుండు వేసి చూడందే ఊరుకునేవాడు కాదు. గుండు అడుగున ఉండే గుంటలో బట్టల సబ్బు అద్దేవాడు. పైకి లాగి, సబ్బుకు ఇసక అంటిందా, పగడపు ముక్కలు అంటుకున్నాయా చూసి, అప్పుడు రాసుకోమని తలూపేవాడు. నాకు విసుగొచ్చేది. చదువుకున్నవాణ్నన్న పొగరు మరి.

సునామీ తెచ్చిన పెద్ద భూకంపంలో మా దీవుల్లో మాయాబందర్ వైపు సముద్రపు అడుగు పైకి లేచింది. పాత మ్యాపులు నమ్మడానికి లేకపోయింది. నీళ్లలో మునిగి ఉన్న ఒక దిబ్బను మేం మళ్లీ కొలిచాం, మంచి పోటు మీద. వచ్చిన లోతులోంచి ఆ పూట పోటు ఎత్తు తీసేసి మ్యాపులో వెయ్యాలి. నేను తీసెయ్యడం మర్చిపోయి మూడు మీటర్లని వేశాను. అంతటితో ఊరుకున్నానా? సాయంత్రం టీ తాగుతూ ప్యాసింజర్ బోటు నడిపే భయ్యాతో, ఇక చుట్టు తిరగక్కర్లేదు, దిబ్బ మీంచే పోవచ్చని చెప్పాను.

మర్నాడు పొద్దున మామ నా కాగితం చూశాడు.

“అరే, పోటు తీసి రాసినావా, నేదా?”

అప్పటికే ఆటుకు నీళ్లు బాగా తగ్గిపోయాయి. బోటు జనంతో బయల్దేరిపోయింది. వైర్‌లెస్‌లో పిలిస్తే పలకలేదు. చిన్న డింగీ పడవ వేసుకుని దిబ్బ దగ్గరికి చేరేసరికి బోటు సూటిగా మా మీదికే వస్తోంది.  చొక్కా విప్పి ఊపాను. చేపల వాళ్లమనుకున్నారేమో, హారన్ కొట్టి అదే దారిన వస్తున్నారు.

మామ డింగీలోంచి సముద్రంలోకి దిగిపోయాడు. దిగి, రెండు చేతులూ ఎత్తి నిలబడ్డాడు. నీళ్లు ఆయన నడుం దాకానే ఉన్నాయి. నడిసముద్రంలో మనిషి నిలబడి ఉండటం చూశాక గాని బోటు పక్కకు తిరగలేదు.

ఆ జనం బతికారు, నా ఉద్యోగమూ బతికింది. తప్పు నాదని మామ ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఈ రోజు చెబుతున్నాను.

ఆ రోజు బోటు వెళ్లిపోయాక చెయ్యందించి ఎక్కమన్నాను. ఎక్కలేదు. పగడపు రాళ్లు కోసి ఆయన కాళ్ల చుట్టూ నీళ్లు ఎర్రబడుతున్నాయి.

“ఏడవకు. కర్ర దించి లోతు సూడు. నువ్వు సరిగ్గా రాసీదాకా నేనిక్కడే ఉంటాను.”