తగ్గకముందే పెట్టిన కృతజ్ఞతా కూడిక

పోయిన వర్షాకాలంలో, కొల్లేరు పక్క ఊళ్ళో నేను పాఠాలు చెప్పే బడికి వెళ్తూ స్కూటీ మీద నుంచి పడ్డాను. చేపల లారీలు నీళ్ళు కార్చుకుంటూ పోయిన రోడ్డు అది. మోకాలి చిప్ప పగిలింది. మేముండే ఏలూరులోనే ఆపరేషన్ చేసి, లోపల తీగ కట్టి ఇంటికి పంపారు. మాది మేడ మీద వాటా. మావారూ, కింద వాటా ఆయనా నన్ను కుర్చీలో మోసుకొచ్చి మంచం మీద దించారు. ఆ తరువాత నెలన్నర నాకు లోకమంటే ఆ మంచం, కిటికీ, ఎదురింటి వాటర్ ట్యాంకు.

పెంటపాడు నుంచి మా అత్తగారు వచ్చారు. వంట, బట్టలు, నా స్నానం, అన్నీ ఆవిడే. అంత చేసే మనిషి ముందు మూలగడానికి కూడా మొహమాటం. నొప్పి అన్నానంటే చాలు, "అలా అనకూడదమ్మా. తల పగలకుండా కాపాడాడు ప్రభువు. ఆ మేలు తలుచుకో" అనేవారు. చూడవచ్చినవాళ్ళూ బత్తాయిలతో పాటు ఆ మాటే పట్టుకొచ్చేవారు. "అదృష్టవంతురాలివమ్మా, మోకాలితో పోయింది" అని. పగిలిన మోకాలు నాది, అదృష్టం లెక్కలు వాళ్ళవి. లోపల మండిపోతున్నా నవ్వి, "అవునండీ, దేవుడి దయ" అనేదాన్ని.

తాడేపల్లిగూడెం నుంచి రోజు విడిచి రోజు పాసింజర్ రైల్లో ఒక ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చేది. మడమ మంచానికి ఆనించి ఒంటివైపు లాక్కోవాలి, రోజుకు నాలుగుసార్లు. చేసినప్పుడల్లా కాగితం మీద టిక్కు పెట్టాలి. లాగితే ప్రాణం పోయేది. అత్తగారు వింటారని అరవలేను, అరవకుండా చెయ్యలేను. అందుకని చెయ్యడం మానేసి టిక్కులు మాత్రం పెట్టేదాన్ని. హోంవర్కు కాపీ కొట్టిన పిల్లల్ని బెంచీ ఎక్కించిన టీచర్ని నేను.

అమ్మాయి కొలబద్ద పెట్టి చూసేది. మోకాలు వంగడం యాభై డిగ్రీల దగ్గరే ఆగిపోయింది.

"కాగితం ఒకలా చెప్తోంది, కాలు ఒకలా చెప్తోందండీ మేడమ్ గారూ" అంది ఒకరోజు. "మూడు వారాల్లో తొంభై రాకపోతే మత్తిచ్చి వంచాలంటున్నారు డాక్టర్ గారు. అప్పటికీ వంగకపోతే మెట్లు కష్టమండీ, బండి మరీ కష్టం."

బండి లేకపోతే కొల్లేరు బడి లేదు. మెట్లు లేకపోతే ఈ గదే.

సరిగ్గా ఆ వారమే అత్తగారు కృతజ్ఞతా కూడిక పెట్టేశారు. చర్చి అయ్యగారిని పిలిచి ప్రార్థన చేయించి, పదిమందికి భోజనం పెడతారు. బాగుపడిన మనిషి లేచి, దేవుడు తనకెలా నయం చేశాడో అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి. ఆపరేషన్ రోజునే ఆవిడ ప్రార్థనలో మాటిచ్చేశారట. నాకు తగ్గిందో లేదో ఎవరూ అడగలేదు. అడిగితే మాత్రం ఏం చెప్పేదాన్ని? టిక్కులన్నీ నేను పెట్టినవే కదా.

ఆదివారం సాయంత్రం ముందుగది నిండిపోయింది. కొంగు తల మీదికి లాక్కుని, వాకర్ పట్టుకుని లేచాను. గుమ్మానికి అడ్డంగా కూడా కుర్చీలే. పారిపోదామన్నా పరిగెత్తే కాలు కాదు.

"అందరికీ వందనాలు" అన్నాను. ఆ తరువాత బట్టీ పట్టిన మాటలు రాలేదు. "నాకు తగ్గలేదండీ. కాలు వంగట్లేదు. నొప్పికి భయపడి ఎక్సర్‌సైజులు మానేశాను. చేస్తున్నానని అందరికీ అబద్ధం చెప్పాను."

ఏడుపు ముంచుకొచ్చింది. కూర్చుందామంటే కాలు అడ్డం. అయ్యగారు తేరుకుని ప్రార్థన ముగించారు. అత్తగారు నా వైపు చూడనే లేదు.

భోజనాల దగ్గర కింద వాటావిడ ప్లేటు పట్టుకొచ్చి నా పక్కన కూర్చుంది. "నా భుజం రెండేళ్ళుగా ఇంతకంటే లేవట్లేదండీ" అంది మెల్లగా. "తగ్గిందని నిరుడు సాక్ష్యం చెప్పేశాను. ఇంకెవరికి చెప్పుకోను?" ఆవిడ లేచాక ఇంకొకావిడ వచ్చి తన నడుము సంగతి చెప్పింది. వింటుంటే నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది.

మర్నాడు పొద్దున్నే అత్తగారు గదిలోకి వచ్చి తలుపు వేశారు. చీవాట్లు తప్పవనుకున్నాను. ఆవిడ మంచం చివర కూర్చుని నా మడమ పట్టుకున్నారు.

"అరువమ్మా. దేవుడేమీ అనుకోడు. నేనూ అనుకోను."

అరిచాను. ఎదురింటివాళ్ళు డాబా ఎక్కి చూసేంతగా అరిచాను. ఆవిడ కళ్ళ నీళ్ళు కారుతున్నా మడమ మాత్రం వదల్లేదు. ఆ రోజు నాలుగుసార్లూ అలాగే లాగాం. మర్నాడు అమ్మాయి కొలిస్తే యాభై ఎనిమిది.

ఆవిడకు ఏదో చెప్పాలనిపించింది.

"రేపు కూడా పట్టుకుంటారా అత్తయ్యగారండీ?" అన్నాను.

"తొంభై వచ్చేదాకా పట్టుకుంటాను. అరుపు మింగేశావంటే మాత్రం ఊరుకోను."

గడువుకు రెండు రోజుల ముందు తొంభై వచ్చింది. ఆ పూట ఇద్దరం కలిసి అరిచాం.