హానా చూపిన సైగ

దయ్యాలను నేను నమ్మను. మా బడిలో పిల్లలు వెనక గదిలో ఏదో ఉందని బెదిరిపోతే, వాళ్లను చేయి పట్టుకుని ఆ గదిలోకే తీసుకెళ్లి కూర్చోబెట్టే టీచర్ని. కాబట్టి కింద రాసింది ఎవరినీ నమ్మించడానికి కాదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

మేం సూరత్‌లో వడోద్ అనే పేటలో ఉంటాం. అమ్మానాన్నలు సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి సాంచాల పనికి, అంటే పవర్‌లూమ్ పనికి, ఇక్కడికి వచ్చారు. నేనూ తమ్ముడు రమేశ్ ఇక్కడే పుట్టాం. ఇంటి వెనకే కార్ఖానా. అందులో నాన్న సాంచాలు నడిపితే, అమ్మ ఒక మూలన కూర్చుని కండెలకు నూలు చుడుతుంది. ఆ మోతలో మాట వినపడదు. అందుకే లోపల అందరూ సైగలతోనే మాట్లాడుకుంటారు. ఏళ్లతరబడి అక్కడే ఉండి అమ్మకు చెవులు సగం పోయాయి.

రమేశ్‌కు ఇచ్ఛాపూర్‌లో ఒక ఫ్యాక్టరీలో పని దొరికింది. రోజూ బయల్దేరేముందు కార్ఖానా గుమ్మంలో నిలబడి అమ్మకు ఒక సైగ చేసేవాడు. ఎడమ చెవి తమ్మె పట్టుకుని, కుడి అరచేయి చాపి, మెల్లగా పిడికిలి మూసేవాడు. పోయొస్త, కోపముంటే వచ్చినంక చెవి మెలిపెట్టు అని దాని అర్థం. వాడి చిన్నప్పుడు వాళ్లిద్దరూ కల్పించుకున్న సైగ అది. కార్ఖానాలో ఇంకెవరూ వాడేవారు కాదు.

ఒకరోజు పొద్దున అలాగే సైగ చేసి వెళ్లినవాడు తిరిగి రాలేదు. ఆ రోజు పనికే రాలేదని ఫ్యాక్టరీ వాళ్లు చెప్పారు. పోలీసు స్టేషన్లు, రైల్వే స్టేషన్లు, చివరికి ఆస్పత్రుల్లో శవాల గదులు కూడా నాన్నా నేనూ తిరిగాం. ఎక్కడా ఆనవాలు దొరకలేదు. ఏళ్లు గడిచాక చుట్టాలు కర్మ చేయించమన్నారు. అమ్మ ఒకటే మాట అంది.

"బతికున్నోనికి పిండం పెడతరా?"

ఆ తర్వాత ఎవరూ ఆ ఊసెత్తలేదు. ఫోటోలన్నీ నేనే ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశాను.

హానా పోయినేడు వచ్చింది. ఇథియోపియా అమ్మాయి. బట్టల డిజైన్ చదువుతూ, ఒక సెమిస్టర్ కోసం సూరత్‌లోని కాలేజీకి వచ్చింది. అలాంటి వాళ్లను నేత పని చేసే ఇళ్లలో ఉంచాలని కాలేజీ వాళ్లు అనుకున్నారట. అక్కడ పనిచేసే నా స్నేహితురాలు అడిగితే సరే అన్నాను. ఇంట్లో ఒక కొత్త మనిషి తిరిగితే అమ్మ కాస్త కోలుకుంటుందనుకున్నాను.

నిజంగానే కోలుకుంది. ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఇద్దరికీ పొత్తు కుదిరింది. అమ్మ హానాకు సర్వపిండి చేసి పెట్టేది. కాలేజీ నుంచి రాగానే ఆ అమ్మాయి వెళ్లి అమ్మ పక్కన కూర్చుని బొమ్మలు గీసుకునేది.

ఒకరోజు మధ్యాహ్నం నాకు సెలవు. చాయ్ తీసుకుని కార్ఖానాకు వెనక తలుపు నుంచి వెళ్లాను. సాంచాలన్నీ నడుస్తున్నాయి. అమ్మ తల వంచుకుని కండెలు చుడుతోంది. హానా ముందు గుమ్మం వైపు చూసి చిన్నగా నవ్వింది. సాంచాలు అడ్డుండి ఆ గుమ్మం నాకు కనిపించలేదు. తర్వాత అమ్మ భుజం తట్టి, గుమ్మం వైపు వేలు చూపించి, తన ఎడమ చెవి పట్టుకుంది. కుడి అరచేయి చాపి, మెల్లగా పిడికిలి మూసింది.

అమ్మ చేతిలో కండె కింద పడింది. చెప్పుల్లేకుండా బయటికి పరిగెత్తింది. సందు చివరిదాకా వెళ్లి కనిపించిన వాళ్లనల్లా అడిగింది. ఎవరూ ఎవర్నీ చూడలేదన్నారు.

అమ్మను ఇంట్లోకి తీసుకొచ్చాక హానాను అడిగాను. తను నాతో ఇంగ్లీషులో మాట్లాడేది. గుమ్మంలో ఒక అబ్బాయి నిలబడ్డాడనీ, అమ్మ వైపు చూపించి అలా చేశాడనీ చెప్పింది. అమ్మ తల ఎత్తకపోయేసరికి తాను అందించిందట. చేయకూడనిదేమైనా చేశానా అని భయంగా అడిగింది.

ట్రంకు తెరిచి, చిన్నాన్న కూతురి పెళ్లిలో తీసిన ఫోటో తెచ్చాను. అందులో చుట్టాలందరూ ఉన్నారు. రమేశ్ పేరు కూడా నేను ఎత్తలేదు. హానా వేలు నేరుగా వెళ్లి వాడి మీద ఆగింది.

నాన్న లేచి వెళ్లి కార్ఖానా తలుపు మూసి వచ్చాడు. అమ్మ ముఖం మాత్రం వెలిగింది.

"అడుగు బిడ్డా, ఇప్పుడెట్లున్నడు? బక్కగయిండా? గడ్డం గిట్ల పెరిగిందా?"

అడిగాను. హానా మళ్లీ ఫోటో చూసింది. ఏమీ తేడా లేదు, అచ్చం ఇలాగే ఉన్నాడు, ఇది ఈమధ్య తీసిందేనా అంది.

అది వాడు పోకముందు ఏడాది, వాడికి ఇరవై ఏళ్లప్పుడు తీసిన ఫోటో. ఇప్పుడుంటే వాడికి ముప్పై దాటేవి.

ఆ మాట అమ్మకు నేను తెలుగులో చెప్పలేకపోయాను. చెవులు సరిగా వినపడని మనిషి కదా, ముఖాలు చదువుతుంది. నా ముఖం చూస్తూ, "గట్లనే ఉన్నడా?" అంది. తల ఊపాను. ఫోటో తీసుకుని బోర్లా పెట్టింది.

ఆ నెలలోనే నాన్న తాపీ నది ఒడ్డున కర్మ చేశాడు. అమ్మ రాలేదు, వద్దని కూడా అనలేదు. హానా హాస్టల్‌కు మారింది, సెమిస్టర్ అయిపోగానే తన దేశం వెళ్లిపోయింది. అమ్మ ఎలా ఉందని ఇప్పటికీ మెసేజ్ పెడుతుంది. బాగుందనే రాస్తాను.

నాకు తోచిన కారణాలన్నీ తిరగేసి చూశాను. ఫోటో ఎప్పుడైనా హానా కంటపడిందేమో అనుకుంటే, ట్రంకు తాళంచెవి నా దగ్గరే ఉంది. ఎవరైనా నేర్పి ఆటపట్టించారా అంటే, ఆ సైగ చూసిన అప్పటి పనివాళ్లెవరూ ఇప్పుడు లేరు, నాన్నా నేనూ వాడు పోయాక ఒక్కసారీ చేయలేదు, అమ్మే నేర్పి ఉంటే అలా పరిగెత్తేది కాదు. ఇంతకంటే ముందుకు నా బుర్ర పోవడం లేదు.

అమ్మ కండెల పని మానేసింది. కార్ఖానా వైపే వెళ్లదు. మొన్న నేను ఆమెకు తల దువ్వుతుంటే అడిగింది.

"జర తలెత్తితే సూస్తుంటి గద. నేనెందుకు ఎత్తలే, పద్మా?"

అల్లిన జడ విప్పి, మళ్లీ మొదటి నుంచి దువ్వాను.