మా ఊరికొచ్చిన రైలు

మా తోటికోడలు శైలజది మధిర. పుట్టింటికి దర్జాగా రైల్లో వెళ్తుంది. నేనేమో షేరాటోలో ఇరుక్కుని సత్తుపల్లి దగ్గరున్న మా పుట్టింటి ఊరు చేరాలి. ఎంత కుళ్లుకున్నానో!

కొత్తగూడెం నుంచి మా ఊరి పక్కగా కొత్త లైను వేశారు. మొదటి రైలొస్తోందని తెలిసి, పట్టుచీర కట్టి, కొబ్బరికాయ పట్టుకుని, శైలజను కూడా లాక్కెళ్లాను.

"సూడు, ఇగ మాకూ రైలొచ్చింది" అన్నాను.

వచ్చింది. అన్నీ ఖాళీ బొగ్గు వ్యాగన్లే! మనుషులెక్కే పెట్టె ఒక్కటీ లేదు. నా చీర నిండా నల్లటి దుమ్ము.

"గనుల బొగ్గు కోసం ఏసిన లైనంట గదక్కా! నువ్వెట్ల ఎక్కుతవ్?" అని శైలజ పగలబడి నవ్వింది.

సాయంత్రం షేరాటోలో ఎవరిదో మూట ఒళ్లో పెట్టుకుని తిరిగొస్తుంటే, బొగ్గు నింపుకున్న అదే రైలు మా పక్కనుంచే దర్జాగా వెళ్లింది. ఆ రోజుతో శైలజ మీద కుళ్లు పోయింది. ఇప్పుడు బొగ్గును చూస్తేనే ఓర్వలేకపోతున్నాను.