చెప్పులు దూరంగా విడవండి

సేవ ఎలా చేయాలో నాలుగు మాటలు చెప్పించుకుందామని కుర్ర పాస్టర్లు మా ఇంటికి వస్తుంటారు. నోటు పుస్తకాలు తెరిచి, పెన్నుల మూతలు తీసి కూర్చుంటారు. మా ఆయన చాలాసేపు కిటికీలోంచి చూసి, "ఎవరింటికి వెళ్లినా చెప్పులు దూరంగా విడవండి," అంటారు. అంతే. వాళ్లు మొహమొహాలు చూసుకుని, మెల్లగా వంటింట్లోకి వచ్చి నన్నడుగుతారు. అన్నిటికీ నేనే దొరుకుతాను.

ఈయన పాస్టరు కాకముందు సైకిల్ షాపులో పంక్చర్లు వేసేవారు. ఆ అలవాటు సేవలోకీ వచ్చింది: చకచకా ఒకటి ముగించడం, ఇంకోటి పట్టుకోవడం. ఒక్క పూటలో పది ఇళ్లు. కుశల ప్రశ్నలు, బైబిల్లోంచి ఒక వాక్యం, ఆపైన "ప్రార్థన చేసుకుందామా?" ఆ మాట వినగానే ఇంటివాళ్లు గుమ్మానికి అడ్డు తప్పుకునేవారు. ఆమెన్ అన్నారంటే కాళ్లు చెప్పుల్లో ఉన్నట్టే. వెనకాల నేను పరుగో పరుగు. ఎన్నిసార్లు పోట్లాడానో! చెవిన వేసుకుంటేనా.

మా సంఘంలో బాప్తిస్మం తీసుకున్నవాళ్లందరికీ తెల్లబట్టలు కుట్టిన టైలరు గారు మంచాన పడ్డారు. ఇక రోజులే అన్నారు డాక్టరు. ఆ మధ్యాహ్నం వెళ్లేసరికి గదిలో పలచటి కర్టెన్ గాలికి ఉబ్బుతూ తగ్గుతూ ఉంది. గుడ్డ కప్పిన కుట్టు మిషన్ మీద ఎండ నిద్రపోతోంది.

"అయ్యగారూ, మీతో ఒక మాట..."

"దేవుడితో చెప్పుకుందాం. ప్రార్థన చేసుకుందామా?" అంటూ ఈయన కళ్లు మూసుకున్నారు.

"వద్దండీ."

ఈయన ఇరవై రెండేళ్ల సేవలో ఆ మాట ఎవరూ అనలేదు.

"మీరు ప్రార్థన మొదలుపెడితే నాకు మీ చెప్పుల చప్పుడు వినిపిస్తుంది అయ్యగారూ. మూడుసార్లు వచ్చారు, మూడుసార్లూ ఈ మాట గొంతులోనే ఉండిపోయింది. మళ్లీ మీరొచ్చేసరికి నేనుంటానో లేదో."

నాకు ఒళ్లు మండింది. టైలరు గారి మీద కాదు.

ఈయన కుర్చీ మంచం దగ్గరికి లాక్కున్నారు. "చెప్పండి."

"భయంగా ఉందండీ. ఇంతమందికి తెల్లబట్టలు కుట్టాను. నమ్మినవాడికి చావంటే భయం ఉండకూడదంటారు కదా! అందుకే మా ఆవిడతో కూడా అనలేదు."

ఇక వాక్యం వస్తుందనుకున్నాను. ప్రతి బాధకీ ఒకటి ఈయన నాలుక చివరే ఉంటుంది. రాలేదు.

"నాకూ భయమేనండీ," అన్నారు మా ఆయన.

కట్టుకున్నదాన్ని, నాకే తెలియదు ఆ సంగతి. ఏడుపొచ్చింది.

తర్వాత వాళ్లేం మాట్లాడుకున్నారో సగమే విన్నాను. గోడకు ఆనుకుని కునుకు తీశాను. కలలో తెల్లబట్టలవాళ్లు ఒక్కొక్కరే తడి అంచులతో ఆ గదిలోకి వచ్చి కూర్చుంటున్నారు. ఎవరికీ తొందర లేదు. కళ్లు తెరిచేసరికి ఎండ గోడ మీదికి ఎక్కింది. వాళ్లిద్దరూ చేతులు పట్టుకుని అలాగే ఉన్నారు.

"ఇప్పుడు చేయండి ప్రార్థన," అన్నారు టైలరు గారు.

రెండే మాటలు, అవీ తడబడుతూ. ఆమెన్ అన్నాక టైలరు గారు అలవాటుగా గుమ్మం వైపు తల తిప్పి చెవి ఒగ్గారు. కుర్చీ కదల్లేదు. కాసేపటికి టైలరు గారు నిశ్చింతగా కళ్లు మూసుకున్నారు, పట్టుకున్న చేయి వదల్లేదు.

నేను లేచి వెళ్లి, ఈయన చెప్పులు తీసి తలుపు చాటున పెట్టాను.