గుర్రంలా దూకిన రాజు

ఆ రోజుల్లో ఇంగ్లిషు గడగడా మాట్లాడేవాళ్లకి జరగని పని ఉండదని నాకు గట్టి నమ్మకం. అప్పుడే చదువైపోయి మాదాపూర్‌లో ఒక చెస్ కోచింగ్ సెంటర్లో కోఆర్డినేటర్‌గా చేరాను. (చెస్‌లో నాకు తెలిసిందల్లా గుర్రం బొమ్మ ముద్దుగా ఉంటుందని.) చేరిన మూడో రోజే మా సార్ ఒక యాభై ఏళ్ల గ్రాండ్‌మాస్టర్‌ని నాకు అప్పగించారు. ఏదో మంచు దేశం మనిషి. అక్కడ చదరంగంతో కడుపు నిండటం లేదని, రెండు పెట్టెలు పట్టుకుని మన పిల్లలకి ఆట నేర్పడానికి వచ్చేశారు. సెంటర్లో అందరం పెద్ద మాస్టారు అనేవాళ్లం. "పదిహేను రోజుల్లో ఇంటి అగ్రిమెంట్ కావాలమ్మా. లేకపోతే ఆయన ఇక్కడ ఉండే కాగితాలు కదలవు, తిరుగు విమానం ఎక్కాల్సిందే" అన్నారు మా సార్. ఆ విమానంతో పాటే నా ఉద్యోగమూ ఎగిరిపోతుందని ఆయన విడిగా చెప్పనక్కర్లేకపోయింది.

నిజాంపేటతో మొదలుపెట్టి తిరగని వీధి లేదు. పెద్ద మాస్టారు ప్రతి ఖాళీ హాల్లోనూ నడిమధ్య నిలబడి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, పావుగంట ఉలుకూ పలుకూ లేకుండా ఆలోచించేవారు. ఓనర్లు బెదిరిపోయి నా వంక చూసేవాళ్లు. "ఈయన మీకేమవుతారండీ?" అన్నవాళ్లందరికీ జవాబు చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. అది దాటితే "నాన్‌వెజ్ తింటారా?" అని అడిగేవాళ్లు. "అబ్బే, ముట్టరండీ" అని నేను అంటుండగానే, కొత్తగా నేర్చుకున్న తెలుగు వాడే అవకాశం దొరికిందని పొంగిపోయి "తింటాను! చికెన్!" అనేవారాయన. మూడిళ్లు అలాగే చేజారాయి. ఒక్క చిన్న అబద్ధం ఆడండి సర్ అని బతిమాలితే, తనకు చేతకాదని తల అడ్డంగా ఊపారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

పద్నాలుగో రోజు మియాపూర్‌లో ఒక ఇల్లు చూశాం. డెబ్బై ఏళ్ల ఓనర్ గారు "చికెనా? మేం గూడ తింటం" అనేసరికి నా ప్రాణం లేచొచ్చింది. అంతలోనే ఆయన లోపలికి వెళ్లి పాత చదరంగం అట్ట తెచ్చి బల్ల మీద పరిచారు. "చెస్ మాస్టర్ అంటున్నవ్ గద బిడ్డా! ఒక్క ఆట ఆడుదం. మనిషెట్లాంటోడో ఆటల తెలుస్తది." నేను పెద్ద మాస్టారిని పక్కకు లాగి "దణ్ణం పెడతాను, ఓడిపోండి సర్" అన్నాను. "ఓడిపోవడం వచ్చు. కావాలని ఓడిపోవడం రాదు" అన్నారు ఆయన ఇంగ్లిషులో, చాలా మర్యాదగా.

పది నిమిషాల్లో పెద్ద మాస్టారు ఓనర్ గారి రాజుని మూలకు తోసేసి, ఆట ముగిసిందన్నట్టు చెయ్యి చాపారు. ఓనర్ గారు ఆ చేతిని చూడనైనా చూడలేదు. తన రాజుని ఎత్తి, అచ్చం గుర్రంలా దూకించి, అవతల గడిలో కూర్చోబెట్టారు.

"ఇగ నువ్వు ఆడు."

పెద్ద మాస్టారు ఇంగ్లిషులో అరుస్తూ కుర్చీలోంచి లేచిపోయారు. ముఖం కందగడ్డ.

"ఏంది గిట్ల ఒర్లుతుండు? రాజు ఆటల ఒక్కపారి గుర్రం లెక్క దుంకొచ్చు. మా తాత కాలం నుంచి గింతే" అన్నారు ఓనర్ గారు.

"ప్రపంచంలో ఏ రాజూ అలా దూకడని ఆయనకి చెప్పు!" అని నా మీద అరిచారు పెద్ద మాస్టారు.

"మీ రాజు చాలా బాగా దూకారంటున్నారండీ" అన్నాను నేను.

ఓనర్ గారు మురిసిపోయారు. పెద్ద మాస్టారు కూలబడి, ఖాళీ హాల్లో ఆలోచించినట్టే పావుగంట ఆలోచించి, "నా రాజుకి కూడా ఆ హక్కుందా?" అని అడిగించారు. అందరికీ ఒక్కటే రూల్ అన్నారు ఓనర్ గారు. అంతే, మాస్టారు ముఖం వెలిగిపోయింది. తనే కాయలన్నీ మళ్లీ పేర్చారు. రెండో ఆటలో ఓనర్ గారి రాజు దూకి ఏకంగా మాస్టారి మంత్రినే తినేశాడు. నలభై ఏళ్ల అలవాటు కదా, రాజు దూకుతాడన్న మాటే మాస్టారికి గుర్తు రాలేదు. "ఇల్లు మీదే పో!" అని తొడ చరిచారు ఓనర్ గారు.

తిరిగొస్తూ ఆటోలో "నా కోసం ఓడిపోయారు, థాంక్యూ సర్" అన్నాను, కళ్లనీళ్లతో. (అంత పిచ్చిమాట నేను మళ్లీ ఎప్పుడూ అనలేదు.) నిజంగానే ఓడిపోయిన మనిషి వారం రోజులు నాతో మాట్లాడలేదు. అగ్రిమెంట్ మీద సంతకం పెట్టిన సాయంత్రం నుంచే, ఆ దూకుడు నేర్చుకోవడానికి ఓనర్ గారి దగ్గర కూర్చున్నారు.

ఆయన ఇప్పటికీ అక్కడే ఉన్నారు. నేనే నాలుగు ఇళ్లు, మూడు ఉద్యోగాలు మారి, పోయినేడాది మా ఆయన్ని వెంటబెట్టుకుని అదే ఇంటికి, పై పోర్షన్ ఖాళీ అని తెలిసి వెళ్లాను. ఎలా మాట్లాడాలో దారంతా వల్లెవేసుకున్నాను. ఓనర్ గారి ముందు నేను నోరు తెరిచేలోపే పెద్ద మాస్టారు లుంగీలో బయటికొచ్చి, "అన్నా, గీ పిల్ల మంచిది. జర ఇల్లు ఇయ్యున్రి" అన్నారు.

"చెస్ వస్తదా?" అడిగారు ఓనర్ గారు.

"రాదు."

"అబద్ధాలు ఆడుతదా?"

పెద్ద మాస్టారు గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నారు. ఎంతసేపు ఆలోచించారో! "ఆడుతది" అన్నారు చివరికి. "గప్పుడు నా కోసం ఆడింది."

ఇంగ్లిషొస్తే చాలనుకున్న ఆ పిల్లని తలుచుకుని, నవ్వుతూ నిలబడ్డాను. ఓనర్ గారు తాళాలు తేవడానికి లోపలికి వెళ్లారు.