తప్పులకు మార్కులు

ఆఫీసులో వైట్‌బోర్డు మార్కర్ మూత తీస్తే చాలు, ఆ వాసనకి సింగపూర్‌లో నా స్పానిష్ క్లాసు గుర్తొస్తుంది.

అప్పుడు నాన్న ఐటీ ఉద్యోగం వల్ల అక్కడి సెంగ్‌కాంగ్ ప్రాంతంలో ఉండేవాళ్ళం. స్పానిష్ రెండో ఏడు మొదటి రోజే టీచర్, సగం మార్కులు పరీక్షకి, సగం పార్టిసిపేషన్‌కి అని చెప్పింది. అంటే బుద్ధిగా కూర్చోవడమనుకున్నాను. అమ్మ రోజూ చెప్పి పంపేది అదే మరి. టర్మంతా చేతులు కట్టుకుని, నోరు మెదపకుండా కూర్చున్నాను. పార్టిసిపేషన్‌లో సున్నా వచ్చింది.

నాన్న కంగారుగా స్కూలుకొచ్చాడు. "అల్లరి చేసిందా, టీచర్?"

"లేదు. ఒక్క తప్పు కూడా మాట్లాడలేదు. దేనికి వెయ్యను మార్కులు?" అని నవ్వింది టీచర్.

తిరిగొచ్చేటప్పుడు ట్రైన్‌లో నాన్న తిడతాడనుకున్నాను. కానీ, "మీటింగుల్లో నేనూ నీలాగే కూర్చుంటానమ్మా. నా ఇంగ్లీషు విని నవ్వుతారేమోనని," అన్నాడు. "రేపు ఇద్దరం నోరు విప్పుదామా?"

"ఓకే లా," అన్నాను సింగపూర్ యాసలో.

మర్నాడు చెయ్యెత్తి, మా అమ్మకి నలభై ఏళ్ళనబోయి నాలుగేళ్ళని స్పానిష్‌లో గట్టిగా చెప్పాను. క్లాసంతా ఘొల్లుమంది. టీచర్ కూడా నవ్వుతూనే మార్కు వేసింది.

సాయంత్రం నాన్న షూస్ విప్పకుండానే, "ఎన్ని తప్పులు?" అనడిగాడు. మార్కులెన్నని అడగనిది ఆ ఒక్కరోజే.

"మూడు. నీకు?"

నాన్న గర్వంగా వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. ఒక చెయ్యి సరిపోలేదు.